బీట్ నంబర్ తొమ్మిదికి కొత్త గార్డు

ద్వాలి ఆరేళ్లపాటు మగవాడి చొక్కా వేసుకుని వాగులు దూకింది. ఆ సంగతి తెలిసినవాళ్లు పదిమందికి మించరు.

'బీట్ నంబర్ తొమ్మిది' అనే సీరియల్ పన్నెండేళ్లకు పైగా టీవీలో వస్తోంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా, సాయంత్రం ఏడు గంటలకు. కథంతా అడవిలో తొమ్మిదో బీట్‌కు, అంటే తన వంతు కాపలా ప్రాంతానికి, బాధ్యుడైన ఒక ఫారెస్టు గార్డు చుట్టూ తిరుగుతుంది. అతనికి పేరు పెట్టలేదు. అందరూ గార్డు సారు అంటారు. కలప దొంగల వెంట పడతాడు, వాగులో కొట్టుకుపోయే పిల్లలను బయటికి తీస్తాడు, తండాకు వచ్చి నులక మంచం మీద కూర్చుని టీ తాగిపోతాడు. మొదట రెండేళ్లు ఒక నటుడు, తర్వాత మూడేళ్లు మరొకడు, ఆ తర్వాత ఏడేళ్లు రవికుమార్ ఆ వేషం వేశారు. నటుడు మారినప్పుడల్లా కథలో పాత గార్డు బదిలీ అయి పోయేవాడు, కొత్త గార్డు వచ్చి అదే బండి ఎక్కేవాడు. 'ఇకనుంచి గార్డు పాత్రలో' అని తెర మీద కొత్త నటుడి పేరు వేసేవారు. జనం నాలుగు రోజులు పాతవాణ్ణి తలుచుకుని ఐదో రోజుకు సర్దుకునేవారు.

షూటింగ్ ఎక్కువగా ములకలపల్లి వైపు అడవి అంచున జరుగుతుంది. యూనిట్ మకాం భద్రాచలంలో ఒక లాడ్జి. ద్వాలిది ములకలపల్లి మండలంలోనే ఒక తండా. గుంపులో నిలబడే మనుషులు కావాలంటే ఇంటర్ అయిన ఏడాదిలో వెళ్లింది, మూడేళ్లు అలాగే నిలబడింది. ఒకరోజు రవికుమార్ బదులు దూకాల్సిన మనిషి హైదరాబాద్ నుంచి రాలేదు. జ్వరమన్నారు. ఎండ పోతోందని దర్శకుడు వెంకటరామారావు చిరాకు పడుతుంటే, ఈ వాగు నేను రోజూ మేకల వెంబడి దాటినదే, నేను దూకనా అని ద్వాలి అడిగింది. అందరూ నవ్వారు. వేరే దారి లేక టోపీ పెట్టి పంపారు. ఆమె ఎత్తూ రవికుమార్ ఎత్తూ ఒకటే. వెనకనుంచి తీసిన ఆ దూకుడు మానిటర్‌లో చూసి వెంకటరామారావు ఓకే అన్నాడు. హైదరాబాద్ మనిషిని మళ్లీ పిలవలేదు.

కాస్ట్యూమ్స్ చూసేది ఖమ్మం నుంచి వచ్చిన టైలరు జానీ మియా. ఆనాటి నుంచి ప్రతి ఖాకీ చొక్కా రెండేసి కుట్టేవాడు. ఒకటి రవికుమార్‌కు, ఒకటి ద్వాలికి. రెండోదాని భుజాల్లో దూది పెట్టేవాడు. ఈ మాట బయటికి పోనీయొద్దని వెంకటరామారావు చెప్పాడు, ద్వాలి సరేనంది. ఇంట్లో మాత్రం జానీ మియా దగ్గర బట్టల పని అని చెప్పుకుంది. దూకుతున్నానంటే తండ్రి మర్నాటి నుంచి గడప దాటనివ్వడు. అశ్వారావుపేట నుంచి ఒక సంబంధం వచ్చింది. షూటింగ్‌లో పనిచేసే పిల్ల అని తెలిసి వాళ్లు వెనక్కి తగ్గారు. దాన్ని గురించి ఆమె పెద్దగా బాధపడలేదు.

తండ్రి రామ్‌సింగ్‌కు రెండెకరాల పత్తి, ఎకరం మిరప. పొద్దంతా చేనులో ఉన్నా సాయంత్రం ఏడింటికి టీవీ ముందు ఉండాల్సిందే. అతని జీవితంలో ఏ గార్డూ అతని మంచం మీద కూర్చుని టీ తాగలేదు. అందుకే ఆ సీరియల్ అంటే అంత ఇష్టమని ద్వాలి తల్లి చాంది అంటుంది. గార్డు సారు దూకే సీను వస్తే రామ్‌సింగ్ చప్పట్లు కొడతాడు, పక్కింటివాళ్లను కేకేస్తాడు. మొగోడంటే అట్ల దుంకాలె అంటాడు. షూటింగ్ లేని రోజుల్లో ఇంటికొచ్చిన ద్వాలి గోడకు ఆనుకుని కూర్చుని ఆ మాట ఎన్నోసార్లు వింది.

నిరుడు వానాకాలం దాటాక రవికుమార్‌కు సినిమాలో వేషం దొరికింది. నాలుగో గార్డు ఎవరన్న ప్రశ్న వచ్చింది. హైదరాబాద్‌లో ఛానల్ వాళ్లు ఇద్దరు ముగ్గురు మగ నటుల ఫొటోలు పంపారు. వెంకటరామారావు అవి పక్కన పెట్టి, ఈసారి ఆడమనిషిని పెడదామన్నాడు. అడవిలో నిజంగా ఆడవాళ్లు బీట్లు చూస్తున్నారు, మన సీరియల్ మాత్రం పన్నెండేళ్ల కిందటే ఆగిపోయింది అని అతని వాదన. చూసేవాళ్లు తగ్గుతున్నారు గనక ఛానల్ వాళ్లు ఒప్పుకున్నారు. ఆ వేషానికి ఉషారాణిని తీసుకున్నారు. ఆమెది మధిర దగ్గరి ఊరు. ఆరేళ్లుగా సీరియల్స్‌లో వదినల వేషాలు వేస్తోంది. ద్వాలిని తీసుకోవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ద్వాలికీ రాలేదు.

జానీ మియా కొత్త చొక్కాలు రెండు కుట్టాడు. ద్వాలికి కొలత చూస్తూ, "ఈసారి దూది అక్కర్లేదు బేటీ" అన్నాడు. ఆమె అద్దం ముందు రెండు భుజాలూ తడిమి చూసుకుని, తేలిగ్గా ఉంది అంది.

తెర మీద కొత్త పేరు పడిన రోజు నుంచి గొడవ మొదలైంది. అంతకుముందు రెండుసార్లు మనిషి మారితే పట్టించుకోని జనం ఈసారి ఛానల్‌కు ఫోన్లు చేశారు. సీరియల్ పేజీ కింద వందల కామెంట్లు పడ్డాయి. గార్డు సారు ఆడదేంది అన్నారు. చీర కట్టుకుని చెట్టెక్కుతదా అన్నారు. తండాలో రామ్‌సింగ్ మొదటి ఎపిసోడ్ సగం చూసి ఛానల్ మార్చేశాడు. ఇంట్లో వాళ్లు లంబాడీలో మాట్లాడుకుంటారు, అప్పుడు రామ్‌సింగ్ అన్న మాట తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది.

"రేపు వాగు అడ్డమొస్తె ఆమెను ఎవడన్న ఎత్తుకొని దాటియ్యాలె. గదేం గార్డు?"

మూడో వారంలో వాగు దూకే సీను వచ్చింది. ద్వాలే దూకింది. దాని కింద పడిన కామెంట్లను ఉషారాణి మర్నాడు కాస్ట్యూమ్స్ వ్యాన్‌లో కూర్చుని చదివింది. ఎవడో మగవాడితో దూకించారు, ఆ భుజాలు చూస్తే తెలియడం లేదా అని ఒకడు రాశాడు. దానికి మూడు వందల మంది ఔనన్నారు. ఉషారాణి అది పైకి చదవగానే కుట్టుమిషన్ దగ్గరున్న జానీ మియా నవ్వడం మొదలుపెట్టి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నావో చెప్పమని ఆమె వదల్లేదు. చెప్పేశాడు. ఆరేళ్ల నుంచి ఆ భుజాలు ద్వాలివేననీ, రవికుమార్ ఒక్క గట్టు కూడా దూకలేదనీ.

ఉషారాణి ఫోను పక్కన పెట్టి లేచింది. తర్వాత ద్వాలి దగ్గరికి వెళ్లి, ఇది అందరికీ చెబుదామంది. ఆడదానికి చేతకాదు అన్నవాళ్లంతా ఆరేళ్లు ఆడదాని దూకుడుకే చప్పట్లు కొట్టారని తెలియాలంది. ద్వాలి ఒప్పుకోలేదు.

"వద్దు మేడం. ఇంట్ల తెలువది."

ఉషారాణి బలవంతం చేయలేదు. కానీ ఆ రోజు నుంచి ద్వాలి దూకేటప్పుడు నీడన కుర్చీలో కూర్చోవడం మానేసి, వచ్చి కెమెరా పక్కన నిలబడేది.

మాఘం వెళ్లాక ఒక ఆదివారం మధ్యాహ్నం ద్వాలి ఇంట్లో ఉంది. తల్లీ కూతుళ్లు ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. టీవీలో రవికుమార్ ఇంటర్వ్యూ వస్తుంటే రామ్‌సింగ్ సౌండ్ పెంచాడు. యాంకరమ్మ కొత్త సినిమా గురించి అడిగి, తర్వాత సీరియల్ మాట ఎత్తింది. ఆ వాగులు దూకడం, చెట్ల మీంచి ఉరకడం అన్నీ మీరే చేసేవారట కదా, ఇప్పుడు ఒక అమ్మాయి చేస్తుంటే ఏమనిపిస్తోంది అంది. రవికుమార్ కాసేపు నేల వైపు చూశాడు. తర్వాత నవ్వి, ఆ అమ్మాయికి ఆల్ ది బెస్ట్ అన్నాడు. అంతే.

"చూసినవా? అంత చేసి కూడ ఒక్క గొప్ప చెప్పుకోలె. పెద్దమనిషంటే గాయన" అన్నాడు రామ్‌సింగ్.

ద్వాలి చేతిలోని కాయ తొడిమ తీసింది. ఇంకో రెండు కాయలకు తీసింది. రవికుమార్ మీద ఆమెకు అంతకుముందు కోపం ఉండేది కాదు. మంచిగానే చూసేవాడు, దూకి వచ్చాక నీళ్ల సీసా తనే అందించేవాడు. కామెంట్లు రాసినవాళ్ల మీద కూడా కోపం రాలేదు, వాళ్లకు తెలియదు గనక. రవికుమార్‌కు తెలుసు. ఒక్కమాట అడిగితే నేల చూశాడు. ఆమె లేచి చేతులు కడుక్కుంది. మంట తగ్గేదాకా కడుక్కుని వచ్చి, బుధవారం షూటింగ్ మన వాగు దగ్గరే ఉంది, వచ్చి చూడమని తండ్రితో చెప్పింది. ఆ ఆడమనిషి పడుతుంటే చూడడానికైతే తప్పకుండా వస్తానన్నాడు రామ్‌సింగ్. చాంది కూతురి మొహంలోకి ఒకసారి చూసి మళ్లీ మిరపకాయల మీదికి వంగింది.

బుధవారం పది గంటలకే తండా నుంచి నలభై మంది దాకా వచ్చి గట్టున కూర్చున్నారు. వాగు చిక్కిపోయింది. రెండు పెద్ద బండల మధ్య మడుగు మాత్రం లోతుగా ఉంది. ఈ బండ మీంచి ఆ బండ మీదికి దూకాలి. ఉషారాణి ముందు తన భాగం చేసింది. తునికి చెట్ల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చి, ఆగు అని అరిచి, బండ అంచున నిలబడింది. కట్ చెప్పారు. రామ్‌సింగ్ పక్కవాళ్లతో ఏదో అని నవ్వాడు.

అప్పుడు జానీ మియా పట్టుకున్న దుప్పటి చాటు నుంచి ద్వాలి వచ్చింది. అదే ఖాకీ, అదే బెల్టు. ఫైట్ మాస్టర్ చొక్కా కింద నడుముకు తాడు బిగించాడు. టోపీ కిందికి లాగి ఉంది గనక గట్టు మీదివాళ్లకు ఆమె ఎవరో తెలియలేదు. అలాగే దూకి మళ్లీ చాటుకు వెళ్లిపోయినా ఎవరికీ తెలిసేది కాదు. ద్వాలి బండ అంచుదాకా నడిచి, టోపీ తీసి, తండ్రి కూర్చున్న వైపు తిరిగి నిలబడింది. టోపీ పెట్టుకోమని వెంకటరామారావు మైకులో అన్నాడు. పెట్టుకుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్లింది. దూకింది.

అవతలి బండ మీద కాళ్లు ఆనాయి. ఒక పాదం జారితే చేయి ఊని నిలబడింది. గట్టు మీద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రామ్‌సింగ్ నిలబడి ఉన్నాడు, తను ఎప్పుడు లేచాడో అతనికి తెలియలేదు. కెమెరాలో ఏదో మసకగా వచ్చిందని ఇంకోసారి చేయమన్నారు. ద్వాలి నడుము దాకా నీళ్లలో పక్కనుంచి తిరిగి వచ్చి, చొక్కా మార్చుకుని మళ్లీ దూకింది. రెండోసారి రామ్‌సింగ్ చూడలేదు. చెట్ల వైపు తిరిగి నిలబడ్డాడు. చాంది మాత్రం రెండుసార్లూ చూసింది. తర్వాత జానీ మియాను మంచినీళ్లు అడిగి తాగింది.

ఆ సాయంత్రం ద్వాలి ఇంటికి వచ్చేసరికి రామ్‌సింగ్ వాకిట్లో మంచం మీద ఉన్నాడు. టీవీ పెట్టలేదు. ఆమె ఎదురుగా కింద కూర్చుంది. అతను ఒక్కొక్క సీనే అడిగాడు. మోట బావిలో దూకింది ఎవరు? నేనే. కాలుతున్న గడ్డివాము మీంచి? నేనే, మంట అంత పెద్దది కాదు. ఏనుగుకు అడ్డం ఉరికింది? ఏనుగు లేదు, అది కంప్యూటర్‌లో పెట్టారు. అతను తలూపాడు. తల్లికి తెలుసా అని అడిగాడు. నేను చెప్పలేదు, కానీ దెబ్బలకు నూనె రాసేది అమ్మే కదా అంది ద్వాలి.

తర్వాత అతను అడిగింది చెయ్యి గురించి. రెండేళ్ల కింద ఆమెకు ఎడమ చెయ్యి విరిగింది. లాడ్జిలో బాత్రూంలో జారానని చెప్పి, కట్టు కట్టించుకుని వచ్చి నెలన్నర ఇంట్లోనే ఉంది.

"నిజంగ యాడ ఇరిగింది?"

"టేకు చెట్టు మీంచి జీపు మీదికి దుంకే సీన్ల."

రామ్‌సింగ్‌కు ఆ సీను గుర్తుంది. తండాలో అందరికీ గుర్తుంది. అది టీవీలో వచ్చిన రోజు అతను పది ఇళ్లవాళ్లను పిలిచి కూర్చోబెట్టాడు.

"అది వచ్చినప్పుడు నువ్వు ఇంట్లనే ఉన్నవ్. చేతికి పట్టీ ఉన్నది."

"అవ్."

"టీవీకి అడ్డమొస్తున్నవని నిన్ను పక్కకు జరుగుమన్న."

ద్వాలి ఎడమ మణికట్టు తడుముకుంది.

"నీ ముందల్నే చప్పట్లు కొట్టిన" అన్నాడు రామ్‌సింగ్.

"నాకు సంతోషమే అయింది బాపు."

"నీకైంది. నాకు ఇప్పుడు ఎట్లుంటది?"

చాంది అన్నానికి పిలిచింది. రామ్‌సింగ్ తినకుండా చేను వైపు వెళ్లి, కాసేపటికి తిరిగి వచ్చి పడుకున్నాడు.

మూడు రోజులు అతను కూతురితో మాట్లాడలేదు. పని మానేయమని అంటాడనుకుంటూ ఆమె భద్రాచలం వెళ్లింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. తాడు ప్రతిసారీ కడతారా అని అడిగాడు. కడతారంది. ఎవరు కడతారన్నాడు. ఫైట్ మాస్టర్ అంది. ఆయనది ఏ ఊరు, ఎన్నేళ్ల నుంచి ఈ పనిలో ఉన్నాడు, తాగుతాడా అని అడిగాడు. అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. ఇంకేమీ అనకుండా ఫోన్ పెట్టేశాడు. ద్వాలి నేరుగా ఉషారాణి దగ్గరికి వెళ్లి, ఇప్పుడు చెప్పండి మేడం, నాకు అభ్యంతరం లేదంది.

ఛానల్ వాళ్లకు ఇది నచ్చలేదు. ఆరేళ్లు జనాన్ని మోసం చేశారంటారని భయపడ్డారు. వెంకటరామారావు కూడా నసిగాడు, రవికుమార్ పరువు సంగతి చూడాలన్నాడు. ఉషారాణి వాళ్ల అనుమతి కోసం ఆగలేదు. ఛానల్ వాళ్ల ఉగాది లైవ్ ప్రోగ్రాంలో మైకు చేతికి వచ్చినప్పుడు ద్వాలిని స్టేజీ మీదికి పిలిచింది.

"నేను దూకను. నాకు రాదు. ద్వాలి దూకుద్ది. నాకంటే ముందు కూడా ఆరేళ్లు ద్వాలే దూకింది" అంది. అంతకంటే పొడిగించలేదు. ద్వాలి దండం పెట్టి దిగిపోయింది.

ఆ వారమంతా గొడవ మళ్లీ నడిచింది. సగం మంది నమ్మలేదు. రేటింగ్ కోసం ఆడుతున్న నాటకమన్నారు. కొందరు పాత ఎపిసోడ్లు తీసి, దూకే మనిషి చేతి వేళ్లు ఆడవేళ్లని ఫొటోలు పెట్టారు. రవికుమార్ ద్వాలికి ఫోన్ చేశాడు. ఆ రోజు యాంకర్ అడిగినప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు అన్నాడు. ఆమె సరే సార్ అంది. సినిమా ఎట్లా జరుగుతోందని అడిగింది. దూకే సీన్లు లేవు, అన్నీ మాటలే అని అతను చెప్పాడు. ఇద్దరూ ఇంకో రెండు మాటలు మాట్లాడుకుని పెట్టేశారు. తర్వాత అతను ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

సీరియల్ చూసేవాళ్లు రెండు వారాలు పెరిగారు. మూడో వారానికి ఎప్పటి లెక్కకే వచ్చారు. ఒక్కటి మాత్రం మిగిలింది. ఎపిసోడ్ మొదట్లో పేర్లు పడేటప్పుడు 'సాహసాలు: ద్వాలి' అని వేయడం మొదలుపెట్టారు.

ఈ వానాకాలం ఉషారాణి గర్భవతి అయి సీరియల్ మానుకుంది. ఈసారి వెంకటరామారావుకు ద్వాలి గుర్తొచ్చింది. టెస్ట్ షూట్ పెట్టాడు. వాగులో పోయిన పిల్లవాడి తల్లికి గార్డు ఆ కబురు చెప్పే సీను ఇచ్చారు. ద్వాలి ఎనిమిది టేకులు చేసింది. మాటల్లో తప్పు దొర్లలేదు, కానీ కబురు చెప్పినట్టు లేదు, పాఠం అప్పజెప్పినట్టుంది. తొమ్మిదోసారికి ఆమే ఆపింది.

"సార్, దుంకుడు నాకొస్తది. మాట చెప్పి ఏడిపిచ్చుడు రాదు" అంది.

వెంకటరామారావు ఇంకా నేర్పిద్దామనుకున్నాడు గానీ ఆమె వద్దంది. దానికి బదులు ఫైట్ మాస్టర్ దగ్గర పని నేర్చుకుంటానని అడిగింది. మాస్టరూ ఒప్పుకున్నాడు. ఇప్పుడు గార్డు బదులు దూకేదీ ఆమే, తాళ్లు కట్టేదీ ఆమే, కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలకు దూకడం నేర్పేదీ ఆమే. గార్డు వేషానికి ఖమ్మం నాటకాల్లో చేసే మహీన్ అనే అమ్మాయిని తీసుకున్నారు. తెర మీద కొత్త పేరు పడింది. జనం నాలుగు రోజులు ఉషారాణిని తలుచుకున్నారు. ఆడదేంది అని మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు.

రామ్‌సింగ్ మళ్లీ ఏడింటికి టీవీ ముందు కూర్చుంటున్నాడు. గార్డు పరుగు మొదలుపెట్టి బండ అంచుకో, కొమ్మ చివరికో వచ్చేసరికి లేచి వాకిట్లోకి వెళ్తాడు. అది నెల కిందట తీసిందనీ, కూతురు క్షేమంగా ఉందనీ తెలిసినా వెళ్తాడు. పిల్ల దిగిందని చాంది లోపలి నుంచి చెప్తుంది. అప్పుడు వచ్చి కూర్చుని మిగతాది చూస్తాడు.